బుడగలు చెప్పే లెక్క

(మన హాస్టల్ పూర్వ విద్యార్థిని, ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం)



"కిరణజన్య సంయోగక్రియ రేటును ప్రభావితం చేసే కారకాలను వివరింపుము." ఈ ప్రశ్నకు జవాబు మీలో చాలామందికి నోటికి వచ్చు. కాంతి, కార్బన్ డై ఆక్సైడ్, ఉష్ణోగ్రత, నీరు, పత్రహరితం. ఒక్కోదాని కింద రెండేసి వాక్యాలు, పక్కన బీకరు, గరాటు, పరీక్షనాళిక ఉన్న బొమ్మ. మార్కులు పడిపోతాయి. నేనూ హైస్కూలు నుంచి ఇంటర్ దాకా ఆ బొమ్మను ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. కానీ ఆ గరాటు కింద నుంచి నిజంగా ఒక బుడగ పైకి లేవడం నేను మొదటిసారి చూసింది డిగ్రీ రెండో సంవత్సరంలో! మా స్కూల్లో గరాటు లేక కాదు. అద్దాల బీరువాలో ఉండేది. బీరువాకి తాళం ఉండేది.

అందుకే ఈ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ మేడమ్ గారు అడిగినప్పుడు ఈ ప్రయోగం గురించే రాస్తానన్నాను. దీనికి బీరువా తాళం అక్కర్లేదు. ఒక గాజు గ్లాసు, ఒక టేబుల్ లైటు, ఒక స్కేలు, చిటికెడు తినే సోడా, గోడ గడియారం ఉంటే చాలు. ఇంకో కారణం కూడా ఉంది. మనం నోటికి నేర్చుకున్న జవాబులో ఉన్నది సగం నిజమే. "కాంతి పెరిగితే రేటు పెరుగుతుంది" అని రాస్తాం. ఎంత పెంచితే అంత పెరుగుతుందా? ఎప్పుడూ పెరుగుతుందా? పుస్తకం ఒక్కో కారకాన్ని విడివిడిగా చెబుతుంది. మొక్కకు మాత్రం అవన్నీ ఒకేసారి కావాలి. అక్కడే అసలు సంగతి ఉంది.

ముందు నాచు సంగతి. మన డెల్టా ఊళ్ళలో దీనికోసం వెతకక్కర్లేదు. పంట కాలువల్లో, బోదెల్లో, చెరువుల అంచుల్లో సన్నని తీగలా ఉండి, కణుపు కణుపుకీ చుట్టూ చిన్న చిన్న ఆకులు పేర్చినట్టుగా పెరిగేదే హైడ్రిల్లా. ఎండ బాగా కాసే మధ్యాహ్నం, పారని నీళ్ళలో దాన్ని కాసేపు కదలకుండా చూడండి. ఆకుల సందుల్లోంచి పూసల్లాంటి బుడగలు లేస్తూ ఉంటాయి. మనం రోజూ చూస్తూ పట్టించుకోని ఇలాంటి దృశ్యాన్నే 1779లో జాన్ ఇంగెన్‌హౌజ్ అనే డచ్ వైద్యుడు ఇంగ్లండులో కూర్చుని పట్టించుకున్నాడు. నీళ్ళలో ముంచిన ఆకులు ఎండలో బుడగలు వదులుతాయని, చీకట్లో పెడితే మానేస్తాయని, మొక్కలోని పచ్చని భాగాలే ఈ పని చేస్తాయని ఆయన తేల్చాడు. అంతకు కొన్నేళ్ళ ముందే, 1771లో, ప్రీస్ట్లీ అనే శాస్త్రవేత్త కొవ్వొత్తి ఆరిపోయిన గాలిని పుదీనా కొమ్మ మళ్ళీ బాగుచేస్తుందని చూపాడు. అయితే అందుకు వెలుతురు తప్పనిసరి అన్న సంగతి ఇంగెన్‌హౌజ్ వచ్చేదాకా స్పష్టం కాలేదు.

ఇక ప్రయోగానికి వద్దాం. బొమ్మలోలాగా గరాటు, పరీక్షనాళిక అన్నీ కావాలనుకుంటున్నారేమో. అవి వచ్చిన వాయువును పోగుచేయడానికి మాత్రమే. రేటు తెలుసుకోవాలంటే బుడగల్ని లెక్కపెడితే చాలు. పచ్చగా, ఆరోగ్యంగా ఉన్న నాచు కొమ్మను నాలుగైదు అంగుళాల పొడవున తీసుకోండి. కాండం చివరను నీళ్ళలోనే ఉంచి బ్లేడుతో ఏటవాలుగా కోయండి. కోసిన చివర పైకి ఉండేటట్టు కొమ్మను గ్లాసు నీళ్ళలో తలకిందులుగా నిలబెట్టండి. పైకి తేలిపోతుంటే కింద చివరకు చిన్న రాయి దారంతో కట్టండి. నీళ్ళు ఆ కాలువవే అయితే మంచిది. గది చీకటిగా ఉండాలి, కాబట్టి కిటికీలు మూసి చేయండి, లేదా సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక చేయండి.

టేబుల్ లైటును గ్లాసుకు 40 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, అయిదు నిమిషాలు ఆగి, కోసిన చివరనుంచి నిమిషానికి ఎన్ని బుడగలు వస్తున్నాయో లెక్కపెట్టండి. మూడుసార్లు లెక్కపెట్టి సగటు తీయండి. తర్వాత 20 సెంటీమీటర్లకు జరపండి. మళ్ళీ అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ లెక్క. ఆ తర్వాత 10 సెంటీమీటర్లు. ఆ అయిదు నిమిషాలు ఆగడం ముఖ్యం. కొత్త వెలుతురుకు కొమ్మ సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. కొమ్మను మధ్యలో మార్చకూడదు. ఒకటి లావు, ఒకటి సన్నం అయితే పోలిక కుదరదు. పాతకాలపు వేడి బల్బు అయితే దగ్గరకు జరిపినకొద్దీ నీళ్ళు వేడెక్కుతాయి. అప్పుడు పెరిగిన బుడగలు వెలుతురు వల్లనా, వేడి వల్లనా చెప్పలేం. అందుకే బల్బుకీ గ్లాసుకీ మధ్య ఇంకో గాజు పాత్రలో నీళ్ళు అడ్డం పెట్టమని ప్రాక్టికల్ పుస్తకాల్లో రాస్తారు. ఇప్పుడు వాడుతున్న ఎల్.ఇ.డి. బల్బులతో ఈ బాధ చాలావరకు తగ్గింది. తడి చేతులతో స్విచ్ ముట్టుకోవద్దని మాత్రం మరీ మరీ చెబుతున్నాను.

ఇక్కడ భౌతికశాస్త్రం నుంచి ఒక ముక్క గుర్తు తెచ్చుకోవాలి. కాంతి తీవ్రత దూరం వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది. అంటే దూరం సగమైతే వెలుతురు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. 40 నుంచి 20కి జరిపితే నాలుగు రెట్లు, అక్కడినుంచి 10కి జరిపితే మళ్ళీ నాలుగు రెట్లు. మొత్తం పదహారు రెట్లు!

మరి బుడగలు పదహారు రెట్లు పెరిగాయా? మీకు వచ్చే అంకెలు వేరుగా ఉంటాయి గానీ, పద్ధతి తెలియడానికి ఇలా వచ్చాయనుకుందాం. 40 సెంటీమీటర్ల దగ్గర నిమిషానికి 4 బుడగలు. 20 దగ్గర 15. బాగుంది, ఇంచుమించు నాలుగు రెట్లు. 10 దగ్గర 60 రావాలి కదా? 22 దగ్గరే ఆగిపోయాయి. బల్బును ఇంకా దగ్గరకు తెచ్చినా 22 దాటవు. చాలామంది ఇక్కడ "ప్రయోగం సరిగ్గా రాలేదు" అనుకుని రికార్డులో 60 వేసేస్తారు. దయచేసి అలా చేయకండి. ఈ ప్రయోగం మొత్తంలో నేర్చుకోవలసింది ఆ 22లోనే ఉంది.

ఇప్పుడు ఆ గ్లాసులోనే చిటికెడు తినే సోడా వేసి నెమ్మదిగా కలపండి. సోడా అంటే సోడియం బైకార్బొనేట్. దానివల్ల నీళ్ళలో కొమ్మకు అందే కార్బన్ డై ఆక్సైడ్ పెరుగుతుంది. హైడ్రిల్లా అయితే బైకార్బొనేట్‌ను నేరుగా కూడా వాడుకోగలదు. పది నిమిషాలు ఆగి, బల్బు 10 సెంటీమీటర్ల దగ్గరే ఉంచి లెక్కపెట్టండి. 22 కాస్తా 40 అయిందనుకుందాం. సోడా పనిచేసింది! ఇప్పుడు బల్బును మళ్ళీ 40 సెంటీమీటర్ల దూరం జరపండి. సోడా గ్లాసులోనే ఉంది. బుడగలు ఎన్ని? మళ్ళీ అదే 4, మహా అయితే 5.

ఒకే సోడా, ఒకే కొమ్మ. దగ్గర వెలుతురులో రేటును ఇంచుమించు రెట్టింపు చేసింది, దూరపు వెలుతురులో ఏమీ చేయలేకపోయింది. మరి "కార్బన్ డై ఆక్సైడ్ పెరిగితే రేటు పెరుగుతుంది" అన్న వాక్యం తప్పా, ఒప్పా?

మన హాస్టల్లో పొద్దున్న స్నానాల వేళ గుర్తు తెచ్చుకోండి. వరుసలో ముప్ఫై మంది, కుళాయిలు మూడు. ట్యాంకు నిండా నీళ్ళున్నాయి. ఇంకో పది బకెట్లు కొని తెస్తే వరుస త్వరగా కదులుతుందా? కదలదు. ఇంకో మూడు కుళాయిలు పెడితే కదులుతుంది. ఆ తర్వాత ఇంకా కుళాయిలు పెంచుకుంటూ పోతే ఒకచోట మళ్ళీ ఆగుతుంది. అప్పుడు ట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారు చాలదు, లేదా బకెట్లు చాలవు. ఏ సమయంలోనైనా వరుసను ఆపుతున్నది ఒక్కటే ఉంటుంది. దాన్ని కదిపితేనే వరుస కదులుతుంది. మిగతావాటిని ఎంత పెంచినా వృథా.

మొక్క విషయంలో ఈ మాటను 1905లో ఇంగ్లండులో ఎఫ్.ఎఫ్. బ్లాక్‌మన్ అనే శాస్త్రవేత్త సూత్రంగా చెప్పాడు. దాన్నే మన ఇంటర్ పుస్తకాల్లో అవధి కారకాల సిద్ధాంతం అంటారు. ఒక ప్రక్రియ చాలా కారకాల మీద ఆధారపడినప్పుడు, వాటిలో అవసరానికి మించి కొరతగా ఉన్న కారకమే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. 40 సెంటీమీటర్ల దగ్గర అవధి కారకం కాంతి. 10 సెంటీమీటర్ల దగ్గర మామూలు నీళ్ళలో అవధి కారకం కార్బన్ డై ఆక్సైడ్. సోడా వేసి దాన్ని తీర్చాక ఇంకేదో అవధి అవుతుంది. నిజానికి ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకునే చోట గీత బ్లాక్‌మన్ గీసినంత పదునుగా మలుపు తిరగదు, కాస్త వంపుగా తిరుగుతుంది. మీ గ్రాఫులో వంపు వస్తే స్కేలుతో సరిచేయకండి, అదే సరైనది.

చెల్లెళ్ళలో ఎవరికైనా ఇక్కడ ఒక అనుమానం రావాలి. బుడగలో ఉన్న ఆక్సిజన్ ఎక్కడిది? కార్బన్ డై ఆక్సైడ్ నుంచి వచ్చిందని చాలాకాలం అనుకున్నారు. 1941లో రూబెన్, కామెన్, వారి సహచరులు బరువైన ఆక్సిజన్ ఐసోటోపును వాడి, అది నీటి నుంచి వస్తుందని చూపారు. మరి ఆక్సిజన్ నీటిదే అయితే, గ్లాసు నిండా నీళ్ళే ఉన్నాయి కదా, సోడా వేస్తే బుడగలు ఎందుకు పెరగాలి?

కారణం ఏమిటంటే, ఈ ప్రక్రియ రెండు భాగాలుగా జరుగుతుంది. మొదటి భాగంలో పత్రహరితం కాంతిని పట్టి, నీటిని విడగొట్టి, ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్ అనే శక్తి సరుకును తయారుచేస్తుంది. ఆక్సిజన్ ఇక్కడే బయటపడుతుంది. రెండో భాగంలో ఎంజైములు ఆ సరుకును వాడుకుని కార్బన్ డై ఆక్సైడ్‌ను చక్కెరగా మారుస్తాయి. రెండో భాగానికి కార్బన్ డై ఆక్సైడ్ అందకపోతే సరుకు ఖర్చు కాదు. ఖాళీ సంచులు వెనక్కి రాకపోతే మిల్లు ఆపేయాల్సిందే కదా! అలాగే మొదటి భాగమూ నెమ్మదిస్తుంది, నీరు విడిపోవడం తగ్గుతుంది, బుడగలు తగ్గుతాయి. పైగా కార్బన్ డై ఆక్సైడ్‌ను పట్టుకునే రుబిస్కో అనే ఎంజైము చాలా మందకొడి. ఎన్నో ఎంజైములు సెకనుకు వందలు, వేలు అణువుల పని ముగిస్తుంటే, ఇది సెకనుకు ఇంచుమించు మూడింటితో సరిపెడుతుంది. ఆకుల్లో ఇది అంత పెద్దమొత్తంలో ఉండటానికి ఆ మందకొడితనం ఒక ముఖ్య కారణం.

ఉష్ణోగ్రత సంగతి కూడా దీనితోనే అర్థమవుతుంది. కాంతిని పట్టుకునే పనికి వేడితో పెద్దగా సంబంధం లేదు. ఎంజైముల పనికి ఉంది. కాబట్టి మసక వెలుతురులో నీళ్ళను కాస్త వేడిచేసినా రేటు పెద్దగా మారదు. మంచి వెలుతురు, సరిపడా కార్బన్ డై ఆక్సైడ్ ఉన్నప్పుడు మాత్రం 10 డిగ్రీలు పెంచితే రేటు ఇంచుమించు రెట్టింపవుతుంది. అదీ ఒక హద్దు వరకే. మరీ వేడెక్కితే ఎంజైములు దెబ్బతిని రేటు పడిపోతుంది. ఇలా వేడికి స్పందించే భాగం ఒకటి, స్పందించని భాగం ఒకటి ఉన్నాయన్న తేడా నుంచే, లోపల ఏమి జరుగుతుందో చూసే సాధనాలేవీ లేని రోజుల్లో, ఇది రెండు మెట్ల ప్రక్రియ అని శాస్త్రవేత్తలు ఊహించగలిగారు.

ఉష్ణోగ్రత మీద ఆ కొలతలు ఓపికగా తీసి 1904లో వెల్లడించింది గాబ్రియేల్ మథాయ్ అనే యువతి. బ్లాక్‌మన్‌తో కలిసి కేంబ్రిడ్జిలో పనిచేసింది. సిద్ధాంతానికి బ్లాక్‌మన్ పేరు నిలిచింది. ఆమె పేరు నేను చదివిన ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు, పీజీకి వచ్చాక లైబ్రరీలో తగిలింది. తర్వాత ఆమె ఎక్కడికి వచ్చిందో తెలుసా? మన దేశానికే! ఆల్బర్ట్ హోవర్డ్ అనే వ్యవసాయ శాస్త్రవేత్తను పెళ్ళిచేసుకుని, బీహారులోని పూసాలో గోధుమ వంగడాల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది, ఆ తర్వాత ఇండోరులో. 1930లో చనిపోయింది. మీ పరీక్షలో ఈ పేరు అడగరు. అయినా రాసిపెట్టుకోండి.

ఇక మన పొలాల్లోకి వద్దాం. మా అమ్మానాన్నలు కూలికి వెళ్ళేవాళ్ళు. నేను ఈ సిద్ధాంతం చెప్పబోతే మా అమ్మ, "మబ్బు పట్టిన ఏడు తాలు ఎక్కువ, దాళ్వాలో గింజ గట్టి, ఇది మాకు తెలియంది ఏముందే?" అంది. అక్షరాలా నిజం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో సార్వా వరి వానాకాలంలో పెరుగుతుంది. నీళ్ళకు కరువుండదు, కానీ ఆకాశం చాలా రోజులు మబ్బుతో ఉంటుంది. దాళ్వా వరి డిసెంబరు, జనవరిల్లో నాటి ఏప్రిల్ ప్రాంతంలో కోస్తారు, ఎండకు లోటుండదు. దాళ్వా దిగుబడి సాధారణంగా సార్వా కంటే ఎక్కువ. తుఫానులు, ముంపు, తెగుళ్ళ బెడద తక్కువ కావడం కూడా ఇందుకు కారణమే. అయినా అన్నిటికంటే పెద్ద కారణాల్లో ఒకటి ఎండ. సార్వాలో అవధి కారకం వెలుతురు. అది మన 40 సెంటీమీటర్ల గ్లాసు!

వ్యవసాయశాఖ వారు నత్రజని మోతాదును దాళ్వాకు ఎక్కువగా, సార్వాకు తక్కువగా ఎందుకు చెబుతారో ఇప్పుడు ఆలోచించండి. ఎండ చాలినంత ఉంటే ఎరువు పంటగా మారుతుంది. మబ్బు రోజుల్లో యూరియా గుమ్మరిస్తే ఆకు ముదురు పచ్చగా ఏపుగా పెరుగుతుంది, పంట పడిపోతుంది, తెగులు పడుతుంది, గింజ మాత్రం ఆ మేరకు పెరగదు. మసక వెలుతురులో సోడా వేసినట్టే. కౌలు రైతు అప్పు చేసి కొన్న బస్తా అది. మన ఇళ్ళలో చాలావాటికి ఈ లెక్క పరీక్ష కోసం కాదు.

ఇంకో చిన్న సంగతి. పాత పుస్తకాల్లో గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ 0.03 శాతం అని ఉంటుంది. ఇప్పుడది 0.04 శాతం దాటింది. వరి లాంటి పంటలకు అది కొంత కలిసొచ్చే మాటే అయినా, దానితోపాటు వేడీ పెరుగుతోంది. వేడి ఇంకో కారకం. ఒక్కదాన్నే చూసి "మంచిదే" అనేవాళ్ళను నమ్మకండి. మొక్కజొన్న, జొన్న, చెరకులకు తక్కువ కార్బన్ డై ఆక్సైడ్‌ను కూడా సమర్థంగా పట్టుకునే ఏర్పాటు వేరే ఉంది. దాని గురించి ఇంటర్‌లో చదువుతారు.

బుడగల లెక్కను గుడ్డిగా నమ్మకూడదని కూడా చెప్పాలి. బుడగలన్నీ ఒకే సైజులో ఉండవు. వచ్చిన ఆక్సిజన్‌లో కొంత నీళ్ళలోనే కరిగిపోతుంది. కొంత కొమ్మే శ్వాసక్రియకు వాడుకుంటుంది. బుడగలో ఇతర వాయువులూ కలుస్తాయి. కాబట్టి ఇది పోల్చి చూడటానికే, ఖచ్చితమైన కొలత కాదు. కాచి చల్లార్చిన నీళ్ళలో కొమ్మ పెడితే బుడగలు దాదాపు రావు. కార్బన్ డై ఆక్సైడ్ పోయింది కాబట్టి అని అందరూ రాస్తారు. అది నిజమే గానీ, కాచిన నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కూడా పోతుంది, అందువల్ల కొమ్మ వదిలిన ఆక్సిజన్‌ను ఆ నీళ్ళే ముందు మింగేస్తాయి. రెండు కారణాల్లో ఏది ఎంతో విడదీయాలంటే, కాచి చల్లార్చిన ఆ నీళ్ళలోనే సోడా వేసి చూడండి. అలాగే నీళ్ళను వేడిచేస్తే కరిగిన గాలి తనంతట తానే బుడగలుగా వస్తుంది. లైటు ఆర్పి, అప్పుడూ వస్తున్నాయేమో చూసుకుని గానీ ఉష్ణోగ్రత ప్రయోగం ఫలితం రాయకండి.

తెలుగు మీడియం నుంచి వెళ్ళేవాళ్ళకు ఒక మాట. పీజీలో మొదటి నెల "లిమిటింగ్ ఫ్యాక్టర్" అంటుంటే తరగతిలో చాలామంది ఇంగ్లీషు మీడియం వాళ్ళు నిర్వచనం గడగడా చెప్పారు. దూరం సగం చేస్తే బుడగలు ఎందుకు రెట్టింపు కంటే ఎక్కువయ్యాయి, ఆ తర్వాత ఎందుకు ఆగాయి అని మేడమ్ అడిగితే గది నిశ్శబ్దమైంది. గ్లాసు ముందు కూర్చుని లెక్కపెట్టిన వాళ్ళం ఇద్దరం, ఇద్దరమూ హాస్టల్ పిల్లలమే. వచ్చీరాని ఇంగ్లీషులోనే చెప్పాం. మేడమ్‌కు అర్థమైంది.

నాచు తేవడానికి ఒంటరిగా పెద్ద కాలువలో దిగవద్దు. చిన్న బోదె గట్టున కూర్చుంటే కర్రకే చిక్కుతుంది. దాళ్వా కోతల వేళకు కాలువలు కట్టేస్తారు కాబట్టి మార్చిలోపే తెచ్చుకోండి. ప్రయోగం అయ్యాక పారేయక్కర్లేదు. సోడా లేని నీళ్ళ బకెట్లో వేసి, వెలుతురు తగిలే వరండాలో పెట్టండి, అప్పుడప్పుడు నీళ్ళు మార్చండి. తుంచిన ముక్కలే వేర్లు వేసి మళ్ళీ పెరుగుతాయి. వచ్చే ఏడు పదో తరగతికి వచ్చే పిల్లలకు అది సరిపోతుంది.